నా చేతితో కాదు, నా ఎరుకలో లేదు

సాఫీ, మృతసముద్రపు దక్షిణపు కొస
మే 6

ప్రియ సోదరి నజ్మెకు నీ అన్న మిత్రీ రాయునది. నీ గుడారానికి సమాధానం కలుగుగాక.

కరక్ కొండ దిగి రెండు రోజులైంది. లోతు తన కుమార్తెలతో వచ్చి తలదాచుకున్న ఈ ఉప్పునేలకు నిన్న సాయంకాలం చేరాము. ముప్పై ఏళ్ళు బడిలో పిల్లలచేత ఈ ఊరి పేరు వల్లె వేయించాను. కాని ఇక్కడి మధ్యాహ్నంలో ఒక్క గడియ నిలబడితే తప్ప, ఆ మనిషి దీన్ని కూడా విడిచి మళ్ళీ కొండకే ఎందుకు పోయాడో అర్థం కాదు.

నీ కొడుకు ఫర్హాన్ క్షేమం. తింటున్నాడు, నిద్రపోతున్నాడు, మాట్లాడడు. మా వెంట మూడోవాడు, చనిపోయిన ముత్లక్‌కు అన్న అయిన దుగైం ఒక్కడే.

పెద్దల తీర్పు నువ్వు తెర వెనక నుంచి విన్నావు. సగమే వినబడి ఉంటుంది కనుక మొత్తం రాస్తున్నాను. ముత్లక్ మన రెండు వంశాల ఉమ్మడి వాననీటి బావిలో శవమై దొరికాడు. బావిమీద రాయి మూసి ఉంది. పడినవాడు తనమీద తానే రాయి మూసుకోలేడు కదా. ముందురోజు పొద్దుగూకే వేళ ఫర్హాన్ ఆ రాయి దగ్గర ఉండగా ఒక కాపరి చూశాడు. చంపడం మాత్రం ఎవరూ చూడలేదు, ఇతడు ఒప్పుకోలేదు. కనుక ఇనుమే తేల్చాలన్నారు. సీనాయి ఎడారిలో నఖల్ దగ్గర ఉన్న పెద్దమనిషి ఒక ఇనుప గరిటెను ఎర్రగా కాల్చి పట్టుకుంటాడు. ఫర్హాన్ ప్రమాణం చేసి దాన్ని మూడుసార్లు నాకాలి. నాలుక శుభ్రంగా ఉంటే రెండు వంశాలూ కలిసి కాఫీ తాగుతాయి. పొక్కితే వాడి రక్తం దుగైం సొత్తు.

అందాకా ఇద్దరి నడుమ హామీగా నా ముఖం, అంటే నా పరువు, పెట్టాను. దుగైం వాణ్ణి తాకకూడదు, వాడు పారిపోకూడదు. ఎవరు తప్పినా పోయేది నా ముఖమే.

దుగైం చెడ్డవాడు కాడు. వాడి దుఃఖం నోటిలో ముల్లులా ఉంది. ఈ ఉదయం ఒంటెకు జీను కడుతూ అన్నాడు:

"మాస్టారూ, నీ మేనల్లుడు ఉమ్మి దాచుకుంటున్నాడు చూశావా? రెండు రోజులుగా ఒక్క మాట లేదు."

"మాట్లాడకపోతే నీకేం బాధ?"

"నాకేం బాధ లేదు. నాలుక అరగకుండా ఇనుము దాకా తెస్తే చాలు."

ఉత్తరాలు అకబా ఒంటె పోలీసుల ఠాణాకు పంపు. పదిహేను రోజుల్లో అక్కడికి చేరతాము.

నీ అన్న
మిత్రీ

*

తూర్పు మేతనేల, కరక్
మే 17

అన్నయ్యకు నజ్మె రాసేది.

నీ ఉత్తరం ఉప్పు బేరగాళ్ళు తెచ్చి ఇచ్చారు. కాగితం నాకి చూశాను, నిజంగానే ఉప్పగా ఉంది. నీ మోకాళ్ళు ఒంటెమీద ఎలా ఉన్నాయి? నాన్న నీకు స్వారీ నేర్పుతానంటే నువ్వు కీర్తనల పుస్తకం పట్టుకుని ద్రాక్షపందిరి కింద దాక్కున్నావు. ఇప్పుడు అనుభవించు.

నాకు దిగులు లేదు. వాడు ఆ మనిషిని వేలితో కూడా తాకలేదు. ఈ సంగతి నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. తప్పు చేయనివాడికి ఆ ఇనుము చల్లటి చెంచాతో సమానమని నాన్న అనేవాడు. ఆ రోజు తొందరగా రావాలి, అంతే.

ఇక్కడ వాన మాట లేదు. శవం పడిందని బావి నీళ్ళన్నీ తోడి పారబోశారు. ఇప్పుడు గాడిదమీద సగం రోజు దూరం పోయి తెస్తున్నాము. దారిలో ముత్లక్ తల్లి హమ్దె ఎదురైంది. నన్ను చూసి తలగుడ్డ అంచు మొహానికి అడ్డం లాక్కుంది. నలభై ఏళ్ళు ఒకే రాయి దగ్గర నీళ్ళు తోడుకున్నవాళ్ళం.

నీతో ఎండబెట్టిన పెరుగుండలు పంపాను. వాటిని అరగదీసి నీళ్ళలో కలిపి వాడికి ఇయ్యి. వాడు అడగడు, నువ్వే ఇవ్వాలి.

ఒక్క సంగతి రాయి. ఇనుము ముందు వాణ్ణి ఏమని ప్రమాణం చేయిస్తారు? మాటకు మాట రాయి.

నజ్మె

*

అకబా
మే 29

ప్రియ సోదరి నజ్మెకు సమాధానం.

నిన్న చేరాము. సముద్రం ఇంత దగ్గరగా ఉండి తాగడానికి పనికిరాకపోవడం ఇరవై రోజుల ఎడారి తరువాత పరిహాసంలా ఉంది.

ఫీనాన్ మీదుగా వచ్చాము. పూర్వం రాగి కరిగించగా మిగిలిన నల్లటి చిట్టెపు గుట్టలు ఇంకా అలాగే ఉన్నాయి. పాములు కరిచినవాళ్ళు ఇత్తడి పాము వంక చూసి బ్రతికిన మజిలీ దీనికి దగ్గరే అంటారు. ఒకచోట ఎవరివో పాత గుడారాల జాడ కనబడింది: మూడు పొయ్యిరాళ్ళు, కొంచెం బూడిద. మన పాతకాలపు కవులు అలాంటి బూడిద దగ్గర ఒంటె ఆపి కన్నీరు పెట్టకుండా ఒక్క పద్యమూ మొదలుపెట్టరు. నేనూ ఆగాను. వెనక నుంచి దుగైం, "ఏడవాలంటే తొందరగా ఏడు మాస్టారూ, తోలుసంచీ కారుతున్నది" అన్నాడు.

అది పరిహాసం కాదు. కుట్టు విడిపోయి నీళ్ళ సంచీ ఒకటి ఖాళీ అయింది. అహరోను సమాధి ఉన్న కొండ కిందికి వచ్చేసరికి ముగ్గురికీ ఒకే సంచీ. దుగైం కాఫీ గిన్నెతో కొలిచి పంచాడు. ఒక్క చుక్క కూడా తనకు ఎక్కువ పోసుకోలేదు. ఫర్హాన్ తన వంతు సగం నా గిన్నెలో వంచాడు. దుగైం చూశాడు. సంచీ మూతి కడుతూ, "హంతకుల్లో మర్యాదస్తులు కూడా ఉంటారు, అదే నా దురదృష్టం" అన్నాడు.

"మర్యాదస్తుల్లో తొందరపడి తీర్పు చెప్పేవాళ్ళు కూడా ఉంటారు," అన్నాను.

"తీర్పు నేను చెప్పను. నాలుక చెబుతుంది."

ఇనుము పట్టే పెద్దమనిషి నఖల్‌లో లేడు. బార్లీ కోతలకు ఉత్తరాదికి పోయాడట, జూలై నడిమికి గాని రాడు. అందాకా ఇక్కడే ఉంటాము.

నువ్వడిగిన ప్రమాణం ఇది. రెండుసార్లు ఆ నిప్పు దగ్గర సాక్షిగా నిలిచినవాడు చెప్పగా రాసుకున్నాను: "ముత్లక్ రక్తం నా చేతితో పడలేదు. ఎవరివల్ల పడిందో నా ఎరుకలో లేదు." ఫర్హాన్‌చేత కంఠస్థం చేయించబోయాను. మొదటి మాట వెంటనే అన్నాడు. రెండోది మరొకసారి చెప్పమన్నాడు. చెప్పాను. లేచి ఒంటెల దగ్గరికి వెళ్ళిపోయాడు.

నీ అన్న
మిత్రీ

*

తూర్పు మేతనేల
జూన్ 11

అన్నయ్యా,

వాణ్ణి వెనక్కి తీసుకురా.

మొన్న కల వచ్చింది, నాన్న ఖాళీ గిన్నె పట్టుకుని నిలబడ్డాడు. పైగా మేకలకు పొదుగు జబ్బు వచ్చింది, నేనొక్కదాన్నే చూసుకోలేను. పైగా ఫాదర్ సాబా చెప్పాడు, నిప్పు నాకడం క్రైస్తవులు చేసే పని కాదని. అయినా వాళ్ళకు కావలసింది ఏమిటి? బావిలో మన వాటా ఇచ్చేద్దాం. అంజూరపు తోట కూడా ఇచ్చేద్దాం. తీర్పు లేకుండానే రాజీ పడదామని దుగైంతో అను. నీ మాట వింటాడు, నువ్వు చదువుకున్నవాడివి.

అది కాదంటే, ప్రమాణంలో రెండో మాట తీసేయమని అడుగు. చేతి మాట చాలదా? చంపాడా లేదా అన్నదే కదా వాళ్ళకు కావాలి. ఎరుకతో వాళ్ళకేం పని? ఎవరి ఎరుకలో ఏముందో దేవుడు చూసుకుంటాడు.

వాడు నీళ్ళు తాగుతున్నాడా?

నజ్మె

*

అకబా
జూన్ 25

నజ్మెకు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కల, మేకలు, ఫాదర్ సాబా, తోట అని నాలుగు కారణాలు రాశావు. ఒక్క నిజమైన కారణం ఉన్న మనిషి నాలుగు రాయదు. మే నెలలో నీకు దిగులు లేదు. ప్రమాణం చదివాక దిగులు పుట్టింది. చేతి మాటకు నువ్వు భయపడడం లేదు, ఎరుక మాటకు భయపడుతున్నావు. నీకు అక్షరాలు దిద్దించినవాణ్ణి. కాగితంమీద నువ్వు గీకేసిన రెండు వరుసలను వెలుతురుకు పట్టి చూడబోయి, అది దొంగతనమనిపించి మానుకున్నాను.

రెండో మాట తీసేయరు. దుగైంను అడిగాను. "చంపినవాడు వీడు కాకపోతే, చంపినవాణ్ణి కాస్తున్నవాడు వీడే. నాకు ఇద్దరూ ఒకటే" అన్నాడు.

నిన్న ఫర్హాన్ ఒడ్డున కూర్చుని ఉన్నాడు. నోట్లో గులకరాయి. ఉమ్మి ఊరడానికి అలవాటు చేసుకుంటున్నాడని అర్థమైంది. పక్కన కూర్చున్నాను.

"మామయ్యా, నిజం తెలిసి నోరు మూసుకున్నవాడి నాలుక కూడా కాలుతుందా?"

"కాలుతుంది. దాచేవాడి నోట తడి ఉండదు. ఆ ఇనుముకున్న తెలివంతా అదే."

"అయితే ఎక్కువ నీళ్ళు తాగి వెళ్తాను."

"ఎవరిని కాస్తున్నావురా?"

"ఈ పూట ఒంటెలను," అని లేచాడు.

ఒక ప్రవక్త పెదవులను దేవదూత నిప్పుకణికతో తాకి దోషం తొలగించాడని వీడికి చిన్నప్పుడు నేనే చెప్పాను. ఇప్పుడు ఆ పాఠమే గుర్తొస్తున్నది. ఆ ప్రవక్త ముందు తన దోషం ఒప్పుకున్నాడు, కణిక తరువాత వచ్చింది. వీడు నోరు మూసుకుని నిప్పు దగ్గరికి పోతున్నాడు.

రోజు ఖాయమైంది: జూలై పద్దెనిమిది, సూర్యోదయం. గరిటె నిప్పులోనుంచి బయటికి వచ్చేదాకా హామీ ఉన్నవాడు ఆపవచ్చు. వచ్చాక ఎవరూ ఆపలేరు. కారణం లేకుండా ఆపితే నేరం ఒప్పుకున్నట్టే. నాకు కారణం కావాలి. నీ దగ్గర ఉంది.

మిత్రీ

*

తూర్పు మేతనేల
జూలై 3

అన్నయ్యా,

పోలీసు ఒంటెవాడు గుడారం బయట కూర్చుని టీ తాగుతున్నాడు. వాడు లేచేలోపు రాయాలి.

అది లాజరు శనివారం. మర్నాడు మట్టల ఆదివారం. కరువని ఒప్పందం చేసుకున్నాం, తెలుసు కదా: రెండు వంశాలవాళ్ళూ పొద్దున్నే చేరితే తప్ప రాయి తీయకూడదు, తోడింది లెక్క ప్రకారం పంచుకోవాలి, తాగడానికీ మేకలకూ తప్ప వాడకూడదు. నలభై రోజుల నుంచి నా తల కడుక్కోలేదు. పండగకు గుడికి ఎలా పోవాలా అనుకున్నాను. అంతే అన్నయ్యా. జబ్బు లేదు, పసిబిడ్డ లేదు, ఏమీ లేదు. తల కడుక్కోవాలనిపించింది.

పొద్దుగూకే ముందు గుడారపు ఇనుప మేకు పట్టుకుని ఒక్కదాన్నే వెళ్ళాను. మేకు పెట్టి ఎత్తితే రాయి పక్కకు దొర్లింది. కుండ నింపుకున్నాను. తిరిగి దొర్లిద్దామంటే కదలలేదు. తీయడానికి ఒకరు చాలు, మూయడానికి ఇద్దరు కావాలి, అది తెలియనిదాన్ని కాదు. కుండ నెత్తిన పెట్టుకుని వచ్చి ఫర్హాన్‌తో చెప్పాను. వాడు తిట్టి, పరుగెత్తి పోయి, ఎలాగో ఒక్కడే తోసి మూసి వచ్చాడు. లోపలికి చూడలేదు. ఎందుకు చూస్తాడు? తొందరగా మూయాలని తప్ప వాడికి ఇంకేం తెలుసు?

ముత్లక్ తప్పిపోయిన దూడను వెతుకుతూ అటు వచ్చాడట. మసక వెలుతురు. ఎప్పుడూ మూసి ఉండే బావి.

పొద్దున్నే అందరితోపాటు నేనూ రాయి దగ్గర నిలబడ్డాను. నా తల నుంచి ఇంకా సబ్బు వాసన వస్తున్నది.

ఫర్హాన్ నాచేత ఒట్టు వేయించాడు. నా పేరు బయటికి వస్తే నా బదులు చచ్చేది ఎలాగూ మన మగవాళ్ళేననీ, తనను ఇనుము కాల్చదనీ అన్నాడు. నేను నమ్మాను. నమ్మాలనుకున్నాను. గొయ్యి తీసి మూయకుండా వదిలినవాడిదే బాధ్యత అని పాత ధర్మం చెబుతుందని చిన్నప్పుడు నువ్వే చదివి వినిపించావు. అందులో గొయ్యిలో పడింది ఎద్దో గాడిదో.

ఇదే కారణం. దీన్ని ఏం చేస్తావో చెయ్యి. వాడు టీ తాగేశాడు.

నజ్మె

*

నఖల్, సీనాయి
జూలై 18, మధ్యాహ్నం

నజ్మె, నా తల్లీ,

నీ ఉత్తరం నాకు అకబాలో అందలేదు. మేము అప్పటికే బయలుదేరాము. ఠాణావాళ్ళు వెనక నుంచి పంపారు. ఈ ఉదయం మంట రాజుకున్నాక ఇక్కడి పోలీసు తెచ్చి చేతిలో పెట్టాడు. ఇనుము పట్టే పెద్దమనిషి నెమలి ఈకతో, ఇంటి పొయ్యికి విసురుతున్నట్టు, నిదానంగా నిప్పుకు విసురుతున్నాడు. నేను ఒంటె నీడలో నిలబడి చదివాను. తలెత్తేసరికి గరిటె అంచు ఎర్రబడుతున్నది.

ఫర్హాన్‌ను పక్కకు పిలిచి కాగితం చూపించాను. నీ చేతిరాత చూడగానే వాడికి తెలిసిపోయింది.

"చదవొద్దు మామయ్యా."

"చదవకపోతే నువ్వు అబద్ధ ప్రమాణం చేయాలి."

"చేస్తాను. నీళ్ళు తాగాను."

"నాలుక చూపించు."

చూపించాడు. అట్ట ముక్కలా ఉంది.

పెద్దమనిషి గరిటెమీద చెయ్యి వేశాడు. అప్పుడు ముందుకు వెళ్ళి, "నా ముఖాన ఆపుతున్నాను" అన్నాను. చుట్టూ ఉన్న మగవాళ్ళందరి మధ్య నీ ఉత్తరం మొదటినుంచి చివరిదాకా చదివాను. సబ్బు వాసన మాట కూడా విడవలేదు. విడిస్తే తక్కినది నమ్మరనిపించింది. క్షమించు.

దుగైం నా చేతిలోని కాగితం తీసుకున్నాడు. చదువురాదు వాడికి, అయినా అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీన్ని నువ్వే రాసి ఉండవచ్చు."

"ఉండవచ్చు."

"మేనల్లుడికోసం చెల్లెలి పేరు బురదలో వేసేవాడివి కావు," అన్నాడు. తరువాత పెద్దవైపు తిరిగాడు. "నిప్పు ఆర్పు. నేనొకటి చెప్పాలి."

ఆ ఉదయం అందరికంటే ముందు బావి దగ్గరికి పోయింది తానేనట. నేలమీద కుండ అడుగు గుండ్రటి మచ్చ, దాని పక్కన ఆడమనిషి పాదం చూశాడు. పాదం వచ్చేటప్పుడు తేలికగా, పోయేటప్పుడు బరువుగా పడిందట. ఇసుకలో ఒంటె జాడ చూసి దాని వయసు చెప్పేవాడికి అంతకంటే ఏం కావాలి? తన పాదంతో అది చెరిపేశాడు.

"ఎందుకు?" అన్నాడు పెద్ద.

"ఆడదాని జాడ వెంట పోతే రక్తం ఎవరిని అడగను? తమ్ముడు చచ్చాడు. నాకొక మగవాడు కావాలి. వీడు దొరికాడు." కాగితం నా చేతికి తిరిగి ఇస్తూ అన్నాడు, "దారి పొడుగునా వీడు తన వంతు నీళ్ళు పంచుతూ వచ్చాడు. నాకు నిద్ర లేదు."

నువ్వు దాచావు, దుగైం దాచాడు, ఫర్హాన్ దాచాడు. గరిటె మాత్రం అందరి ముందూ ఎర్రగా వెలిగి, నల్లబడి, ఇసుకలో చల్లారింది.

తీర్పు ఇది. ఫర్హాన్ ప్రాణానికి భయం లేదు. బావి మొత్తం వాళ్ళది. మొదటి వానలోపు మన వంశం ఆ మేతనేల విడిచి ఉత్తరంగా పోవాలి, ఏడేళ్ళు తిరిగి రాకూడదు. పోయేముందు నువ్వు హమ్దె ఎదుట కూర్చుని, తెర లేకుండా, నీ నోటితో చెప్పాలి. నువ్వు చెబుతావని నేను మళ్ళీ నా ముఖమే పెట్టాను.

ఫర్హాన్ నాతో మాట్లాడడం లేదు. "పదిమంది మగవాళ్ళలో మా అమ్మ తల సంగతి చదివావు" అన్నాడు. అదొక్క మాటే. కాని నీళ్ళు తాగుతున్నాడు.

నీ అన్న
మిత్రీ

*

తూర్పు మేతనేల
జూలై 18, సాయంత్రం

అన్నయ్యా,

నా ఉత్తరం నీకు అందిందో లేదో తెలియదు. ఈ ఉదయం అక్కడ ఏమైందో తెలియదు. ఫర్హాన్ నాలుక ఎలా ఉందో రాయి. ఎలా ఉన్నా రాయి.

తెల్లవారగానే గుడారంలో ఉండలేకపోయాను. అక్కడ నిప్పు రాజేసే వేళ నేనిక్కడ మేకలు పితుకుతూ కూర్చోలేను కదా. హమ్దె దగ్గరికి వెళ్ళాను. తిరగలి ముందు కూర్చుని బార్లీ విసురుతున్నది. ఎదురుగా కూర్చుని తలగుడ్డ తీసేశాను. నీకు రాసిందంతా చెప్పాను. తిరగలి ఆగలేదు. చాలాసేపటికి,

"తల కడుక్కున్నావా?" అంది.

"కడుక్కున్నాను. అప్పటికి తెలియదు."

"తెలియదు," అంది, గింజలు పోస్తూ.

అప్పుడు, అన్నయ్యా, నీకు కూడా రాయనిది చెప్పాను. కుండ నెత్తిన పెట్టుకుని సగం దూరం వచ్చాక వెనక ఒక గొంతు వినబడింది. ఒక్కసారే. ఎవరో కాపరి ఎవరినో పిలుస్తున్నాడనుకున్నాను. కాదేమోనని కూడా అనిపించింది. కుండ నిండుగా ఉంది, వెనక్కి తిరిగితే ఒలుకుతుంది. తిరగలేదు.

తిరగలి ఆగింది.

"ఏమని పిలిచాడు?"

"మాట తెలియలేదు. గొంతు మాత్రమే."

నా మీద పడుతుందనుకున్నాను. పడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె చేతులు పిండిలో పెట్టుకుని అలాగే ఉంది.

"మూడు నెలలు," అంది. "అందరూ వాణ్ణి ఎవరు తోశారని అడుగుతున్నారు. నేను అదొక్కటే అడుగుతున్నాను, వాడు పిలిచాడా అని. పిలిస్తే ఎవరికీ వినబడలేదా అని."

ఒడిలోని తలగుడ్డ రెండు చేతులా పట్టుకున్నాను.

"నీకు వినబడింది," అంది.

తిట్టలేదు. క్షమించాననీ అనలేదు. నన్ను పొమ్మనలేదు, ఉండమనలేదు. కాసేపటికి మళ్ళీ విసరడం మొదలుపెట్టింది. ఎండ గుడారం లోపలికి వచ్చేదాకా నేనక్కడే కూర్చున్నాను. మధ్యలో ఒకసారి ఆపి, నా వంక చూడకుండా, ఆ గొంతు ఎలా ఉందో మళ్ళీ చెప్పమంది. చెప్పాను.

నజ్మె